వెన్నుసుడి

కోదాడ బస్టాండు దాటి ఇరవై అడుగులు వేశారో లేదో, హారిక ఎడమకాలి చెప్పు మళ్ళీ జారిపోయింది. జారిన సంగతి పిల్లకు తెలియలేదు. ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలు వట్టిది. ఆ వట్టి పాదాన్ని కంకరలో ఈడ్చుకుంటూ ముందుకే పోతోంది. వెనక వస్తున్న నీలా వంగి చెప్పు తీసి చేత పట్టుకుంది.

"హారికా, ఆగు. ఎడమ చెప్పేది?"

పిల్ల ఆగి, తల వంచి కాళ్ళ వంక చూసుకుంది. చూసుకుంటే తప్ప తెలియదు. ఎనిమిది నెలలుగా ఇదే తంతు.

"పొద్దుగాల్నుంచి ఎన్నిసార్లు వంగాలె నేను? మునగాల కాడ ఒకసారి, బస్సు దిగంగ ఒకసారి, ఇగ గీడ ఒకసారి. నా నడుముకు గూడ ఎక్స్‌రే తీయమందమా?"

"నేనేమన్న కావాలని ఇడుస్తున్ననా యాడీ?" హారిక మొహం ఎర్రబడింది. పద్నాలుగేళ్ళ పిల్ల. నలుగురూ చూస్తుండగా అమ్మ చేత చెప్పు తొడిగించుకోవడం దానికి చావుతో సమానం. బయట తెలుగు మాట్లాడినా అమ్మను మాత్రం తండాలో పిలిచినట్టే యాడీ అని పిలుస్తుంది. కోపం వస్తే ఆ పిలుపు ఇంకాస్త పొడుగవుతుంది.

నీలా వంగి చెప్పు తొడిగింది. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని తెలుసు. మునగాల దగ్గర హైవే పక్కన ఢాబాలో పరోటాలు చేసే మనిషి ఆమె. ఏ పరోటా లోపల పచ్చిగా ఉందో తాకకుండానే చెప్పగలదు. ఈ పిల్ల కాళ్ళలో ఏముందో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. నీలా భయం ఎప్పుడూ చివరి నుంచే మొదలవుతుంది. జలుబు చేస్తే నిమ్ము అనుకుంటుంది. మిర్యాలగూడ మిల్లులో హమాలీ చేసే మొగుడు సంజీవ్ ఫోన్ ఎత్తకపోతే బస్తాల కింద పడి ఉన్నాడనుకుంటుంది. తండాలో అందరూ నవ్వుతారు. పిల్ల చెప్పు జారుతోంది అన్నప్పుడూ అలాగే నవ్వారు.

ఎముకల డాక్టరు గది ముందు రెండు గంటలు కూర్చుంటే రెండు నిమిషాలు చూశాడు. ఈయన నాలుగో డాక్టరు. మునగాల ఆరెంపీ బలానికి సూదులు వేశాడు. ఇంకొకాయన కాల్షియం గోళీలిచ్చాడు. మూడో ఆయన నరాల బలహీనత అన్నాడు. ఈయన పాత ఎక్స్‌రేను ట్యూబులైటుకు ఎదురు పట్టి, దించి, పిల్ల మోకాలు రెండు వేళ్ళతో నొక్కాడు.

"ఏ క్లాసు చదువుతున్నావమ్మా?"

"నైన్త్ సార్."

"పరీక్షలున్నాయా?"

"ఉన్నయి సార్."

"అదీ సంగతి." డాక్టరు నవ్వాడు. "ఎత్తు పెరిగే వయసు, కాళ్ళు లాగుతాయి. కొంచెం చదువు భయం కూడా ఉంటుంది."

"చెప్పు జారినా తెలుస్తలేదు సార్ దానికి," అంది నీలా. "మెట్లెక్కితే కాలు కర్రలెక్క బిగుసుకుంటది. మొన్న బళ్ళె పడ్డది."

"బెల్టు చెప్పులు కొనండి. జారవు."

చెప్పుల గురించి అడగడానికా నీలా ఢాబా పని మానుకొని వచ్చింది? కుర్చీలోంచి లేవలేదు. బయట కాంపౌండరు ఇంకో నంబరు పిలిచాడు. ఆమె కదలలేదు.

"స్కానింగ్ రాయుండ్రి సార్. ఏముందో కనవడతది గద. రాసేదాంక నేన్ లేవ."

డాక్టరు చీటీ మీద బరబరా గీశాడు. "నడుముకు రాస్తున్నా. మీ తృప్తి కోసమే. అందులో ఏమీ ఉండదు."

బయటికొచ్చాక హారిక గొంతు తగ్గించి అడిగింది: "తృప్తి అంటే ఏంది యాడీ?"

"నాకు లేనిది," అంది నీలా.

*

మరునాడు మిర్యాలగూడ. సంజీవ్ మిల్లు నుంచి నేరుగా స్కానింగ్ సెంటరుకే వచ్చాడు. కనురెప్పల మీద తవుడు, మెడ చుట్టూ తువ్వాలు. రాగానే పిల్ల తల మీద చెయ్యి పెట్టి, "ఏం గాదు," అన్నాడు.

"నువ్వు చూసినవా లోపల, ఏం గాదనడానికి?"

"ఏందే గట్లంటవ్. ధైర్యం జెప్పొద్దా?"

"ధైర్యం నాకొద్దు. ఏమైందో జెప్పు, చాలు."

సంజీవ్ తువ్వాలుతో మొహం తుడుచుకొని మూలకు పోయి నిలబడ్డాడు. వాళ్ళ కాపురంలో ఏ కష్టమొచ్చినా ఆయన మాట ఆ రెండు ముక్కలే. పిల్లకు డెంగీ వచ్చినా ఏం గాదు, ఇంటి కప్పు ఎగిరిపోయినా ఏం గాదు. నిజంగానే ఇంతవరకూ ఏమీ కాలేదు. అదే నీలాకు ఇంకా కోపం.

స్కానింగ్ సెంటరులో ఆయా పేరు సువర్ణ. నిడమనూరు మనిషి, యాభై ఏళ్ళుంటాయి. హారికను పరదా వెనక్కి తీసుకెళ్ళి, డ్రెస్సు విప్పించి, వెనక ముడులుండే నీలం గౌను తొడిగింది. నీలా పక్కనే నిలబడి గబగబా తనే ముడులు వేయబోయింది.

"నేనేస్త తియ్యమ్మా," అంటూ సువర్ణ పై ముడి కట్టి, రెండో ముడి కడుతూ ఆగింది. రెండు భుజాల రెక్కల మధ్య, వెన్నెముక మీద, రూపాయి బిళ్ళంత మేర ఆమె వేలికి గరుకుగా తగిలింది. నిన్న గీసిన గడ్డం తాకినట్టుంది. "ఇదేంది బిడ్డా, గిట్ల కుచ్చుకుంటుంది?"

"చెమటకాయలు," అంది నీలా.

"చెమటకాయలు గిట్లుంటయా? వెంట్రుకలు గీకినట్టుంది."

"చెమటకాయలని జెప్తున్న గద."

సువర్ణ తలెత్తి నీలాను చూసింది. "నాకు జెప్పకున్నా మంచిదే. డాక్టరుకైతే జూపెట్టినవా?"

"నడుముకు రాసిండు డాక్టరు. గది నడుమా? నీ పని నువ్వు చూసుకోరాదూ." గొంతు పెరిగిందని నీలాకే తెలిసింది. హారిక తల వంచుకొని నిలబడింది. దానికి ఆ చెమటకాయల సంగతి బాగా తెలుసు. బుద్ధెరిగినప్పటి నుంచి అమావాస్యకోసారి తలస్నానానికి ముందు యాడి బ్లేడు తీస్తుంది. బడిలో మెడికల్ క్యాంపు ఉన్నా తీస్తుంది. డాక్టరు దగ్గరికి పోయే ప్రతి పొద్దునా తీస్తుంది.

మిషను లోపలికి పంపే ముందు నీలా దాన్ని నడిపే పిల్లగాణ్ణి పట్టుకుంది. "అయ్యా, ఎట్లాగూ పండుకోబెట్టినవ్. మెడ నుంచి కాళ్ళ దాంక మొత్తం తియ్యరాదు?"

"చీటీల ఏదుంటే గదే తీస్త అక్కా. నడుము అనుంది, నడుమే."

"దాని కాళ్ళకు తెలుస్తలేదయ్యా..."

"గది డాక్టరుకు జెప్పాలె."

డాక్టరుకు చెబితే చెప్పులు కొనమన్నాడు. మిషను వాడికి చెబితే డాక్టరుకు చెప్పమంటున్నాడు. ఎవరికి చెప్పాలో చెప్పేవాడొకడుంటే వాడి కాళ్ళు మొక్కుతుంది. మిషను అరగంట సేపు దడదడ కొట్టుకుంది. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. నడుము నార్మల్.

"నేన్ జెప్పలే?" సంజీవ్ మొహం వెలిగిపోయింది. "ఏం గాదని. ఇగ నువ్వు పరేషాన్ గాకు, దాన్ని పరేషాన్ చెయ్యకు." పిల్లకు ద్రాక్షపండ్లు కొనిచ్చి, బస్సెక్కించి, మిల్లుకు పోయాడు.

బస్సులో హారిక కిటికీ వైపు కూర్చుంది. ద్రాక్షపండ్లు ముట్టుకోలేదు. ఊరు దాటి వరిపొలాలు మొదలయ్యాక, బయటికే చూస్తూ అంది: "యాడీ, ఒకటి జెప్త. మొత్తుకోవద్దు."

"చెప్పు."

"మిషన్ల గౌను తడిసింది. నాకు తెల్వలే. ఆ ఆయమ్మ ఎవలికీ జెప్పకుండ మార్చింది."

నీలా మొత్తుకోలేదు. పిల్ల ఒళ్ళోంచి ద్రాక్షపండ్ల కవరు తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. దాని ముడి విప్పుతూ, మళ్ళీ వేస్తూ మునగాల దాకా అలాగే కూర్చుంది.

*

సూర్యాపేట పెద్ద దవాఖానలో వెన్నెముక ఆపరేషన్లు చేసే డాక్టరు గురువారం చూస్తాడని ఢాబాకొచ్చే లారీ డ్రైవరొకడు చెప్పాడు. గురువారం తెల్లవారగానే నీలా వాకిట్లో పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. తడికె స్నానాల గదిలో పీట వేసి, సంజీవ్ బ్లేడ్లలోంచి ఒకటి తెచ్చింది. తన బ్లేడ్లు ఎవరు తీస్తున్నారో సంజీవ్‌కు పన్నెండేళ్ళుగా అంతుబట్టలేదు.

"మంగళారమే గీకినవ్ గద," అంది హారిక.

"పెద్ద డాక్టరు చూస్తడు. మెదలకు."

సబ్బు నురగ రాసి, చర్మాన్ని ఎడమచేత్తో సాగదీసి, పై నుంచి కిందికి మెల్లగా గీసింది. వదిలేస్తే ఆ వెంట్రుకలు నల్లగా, మెత్తగా, సుడి తిరిగి పెరుగుతాయి. సుడి నడుమ సూదిమొన దిగినంత గుంట ఉంటుంది. అందులోంచి ఏడాదికోసారి చుక్కంత నీరు కారుతుంది. నీలా పసుపు అద్దుతుంది. మానుతుంది.

చెంబుతో నీళ్ళు ముంచి మెడ మీద పోసిందో లేదో, హారిక కెవ్వుమంది. "కాలుతున్నయి యాడీ!"

నీళ్ళు మసులుతున్నాయని నీలా చూసుకోలేదు. చన్నీళ్ళ బిందె కోసం వెనక్కి తిరిగింది. ఈలోగా చేతిలో మిగిలిన సగం చెంబు ఒరిగి పిల్ల నడుము మీద, తొడల మీద పడింది. నీలా ప్రాణం ఎగిరిపోయింది. హారిక మాత్రం మెడ తడుముకుంటూ, "చూసి పొయ్యరాదు," అని సణుగుతోంది. తొడలు కమిలి ఎర్రబడుతున్నాయి. వాటి వంకైనా చూడలేదు.

"నడుం మీద కాలలేదా?"

"ఎప్పుడు పోసినవ్?"

నీలా చన్నీళ్ళు కుమ్మరించింది. తర్వాత చూపుడు వేలు ఆ వేడినీళ్ళలో ముంచి, పిల్ల మెడ మీద పెట్టింది. "ఉడుకుంది," అంది హారిక. వేలు కిందికి జరిపింది. "ఉడుకే." ఇంకొంచెం జరిపింది. గీసిన చోటు కింద, రెండు వేళ్ళ దూరంలో పెట్టింది. హారిక ఏమీ అనలేదు. నడుము మీద పెట్టింది. ఏమీ అనలేదు. మళ్ళీ పైకి తెచ్చింది.

"ఆఁ, ఉడుకు. ఏం జేస్తున్నవ్?"

నాలుగుసార్లు అలాగే చేసింది. నాలుగుసార్లూ ఆ సుడి దగ్గరే వేడి తెలియడం తెగిపోయింది. దాని పైన ఉన్నది హారిక. దాని కింద ఉన్నది ఎవరో. నీలా పీట పక్కన తడి బండల మీద కూలబడి, చేతిలో ఉన్న బ్లేడు వంక చూసింది.

*

సూర్యాపేట దవాఖానలో డాక్టర్ వెంకటేశం బల్ల చుట్టూ జనం. నల్లగొండ యాసలోనే మాట్లాడే మనిషి, నెరిసిన మీసం. ఆయన హారికను బల్ల మీద కూర్చోబెట్టి, రబ్బరు సుత్తితో మోకాలి కింద తట్టాడు. కాలు ఎగిరి ఆయన చొక్కాను తన్నింది. తాళంచెవితో అరికాలు గీశాడు. బొటనవేలు కిందికి ముడుచుకోకుండా పైకి లేచింది. నలుగురు డాక్టర్లలో ఇంతవరకూ ఒక్కరూ అరికాలు ముట్టుకోలేదు. నీలాకు ఆయన మీద నమ్మకం కలిగింది. నమ్మకంతో పాటు భయమూ మొదలైంది.

నడుము ఫిల్ములు చూసి ఆయన పక్కన పెట్టాడు. "నడుములో ఏం లేదమ్మా. కత ఇంకా పైన ఎక్కడో ఉంది. వెన్ను మొత్తం స్కానింగ్ తీయాలె. ఈడ మిషనుకు లైను ఉంది, వచ్చే శనివారం తర్వాత డేట్ ఇస్తరు. ఏదీ, ఓసారి అటు తిరుగు బిడ్డా, వీపు చూస్త."

"వీపు మీద ఏం లేదు సార్," అంది నీలా. పన్నెండేళ్ళ అలవాటు, నోట్లోంచి దానంతటదే వచ్చింది.

డాక్టరు పిల్ల కమీజు కొంచెం పైకెత్తి చూశాడు. ట్యూబులైటు వెలుగులో వీపు నున్నగా ఉంది. కమీజు దించాడు. చీటీ మీద రాయడం మొదలుపెట్టాడు. వెనకనుంచి ముసలాయనొకడు తన ఫిల్ముల కవరు ముందుకు చాపాడు. ఇక లేవాలి. చీటీ తీసుకోవాలి. పది రోజులు ఆగాలి. పది రోజుల్లో ఏమవుతుంది? నీలా ఆలోచన ఎప్పట్లాగే చివరికి పోయింది. చక్రాల కుర్చీ, బడి దగ్గర మెట్లు, పిల్ల గౌను మార్చే పరాయి చేతులు. ఈసారి ఆ చివర తనే నిలబడి ఉంది, చేతిలో బ్లేడుతో.

"ఉంది సార్."

"ఏముంది?"

"సుడి ఉంది. వెంట్రుకల సుడి. నడుమ గుంట గూడ ఉంది, అప్పుడప్పుడు నీరు కారుతది. నేనే గీకిన. ఇయ్యాల పొద్దున గీకిన. ఎప్పుడు డాక్టరు కాడికి పోయినా గీకే తీస్కపోతున్న. దాని పైన ఉడుకు తెలుస్తుంది, దాని కింద తెలుస్తలేదు. చూసిన నేను. వేలు పెట్టి చూసిన."

హారిక మొహం గోడకు తిప్పుకుంది. డాక్టరు పెన్ను కింద పెట్టి, జనాన్ని బయటికి పంపి, టార్చి తీశాడు. రెక్కల మధ్య వేలితో తడిమి, అక్కడే ఆగి, వంగి చాలాసేపు చూశాడు. మెడ వంచమని చెప్పి, గడ్డం ఛాతీకి తగులుతుందో లేదో చూశాడు. జ్వరం వస్తోందా అని రెండుసార్లు అడిగాడు. తర్వాత ఫోను తీసి ఎవరితోనో, "డేట్ గీట్ కాదు, ఇయ్యాలనే. రెక్కల మధ్య నుంచి. నేనొస్తున్న," అన్నాడు.

మూడింటికల్లా ఫిల్ము వచ్చింది. వెన్నుపాము తెల్లటి తాడులా పై నుంచి దిగివచ్చి, ఒకచోట చింతగింజంత ముద్ద పక్కన నలిగి దారమంత అయిపోయి, మళ్ళీ మామూలుగా కిందికి పోతోంది. డాక్టరు ఆ ముద్ద మీద పెన్ను పెట్టాడు.

"ఇది తిత్తి. చానా తక్కువ మందికి వస్తది. కడుపుల పిండం తయారైతున్నప్పుడు చర్మమూ వెన్నుపామూ ఒకే పొర నుంచి విడివడతయి. విడివడేటప్పుడు ఇంత చర్మం లోపల చిక్కుకపోయింది. అది చర్మం పని చర్మం చేస్తనే ఉంది. నూనె కారుస్తది, పొట్టు రాలుస్తది. బయటికి పోయే దారి లేక పేరుకుంటుంది."

"పరోటా మడతల పొడిపిండి ఇరికినట్టా సార్?" అంది నీలా. "పైకి కాలినట్టే ఉంటది. లోపల ఉండ."

డాక్టరు ఆమె వంక ఓ క్షణం చూశాడు. "గట్లనే అనుకో. ఆ గుంట లోపలి తిత్తి దాకా దారి. అందులోంచి చీము పడితే ప్రాణానికే వస్తది. ఎల్లుండి శనివారం తీసేస్తం."

"నా వల్లనేనా సార్?"

"తిత్తి పుట్టుకతోనే ఉంది, నువ్వేం చేయలే. ఆ వెంట్రుకలుంటే మాత్రం మాకు గుర్తు దొరికేది. ఎవరో ఒకరు అడిగేటోళ్ళు."

నీలాకు ఒక్కసారిగా మండింది. "ఎవలన్నా అంగీ లేపి చూస్తే గద సార్, దొరకనీకె! నలుగురు డాక్టర్లు. ఒక్కలు ఈపు చూడలే. చెప్పులు కొనమన్నరు. చదువంటే భయమన్నరు." ఫిల్ములోని ఆ ముద్ద మీద వేలు పెట్టింది. "చూసే మీ కాడికేమో, నేను గీకి తెచ్చిన."

*

శనివారం పొద్దున ఎనిమిదింటికి పిల్లను లోపలికి తీసుకుపోయారు. సంజీవ్ గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ముందురోజు డాక్టరు కాగితాల మీద సంతకం పెట్టిస్తూ, కాళ్ళు ఇంకా పడిపోవచ్చు, మూత్రం మీద పట్టు రాకపోవచ్చు అని విప్పి చెప్పినప్పటి నుంచి అతని నోట ఏం గాదు అన్న మాట రావడం లేదు. నీలాకు ఆ మాట లేకపోవడం ఇంకా భయంగా ఉంది.

"అనరాదయ్యా ఓసారి," అంది చివరికి.

"ఏమని?"

"నువ్వెప్పుడూ అనేదే."

సంజీవ్ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

పది గంటలకు మామ మంగ్త్యా వచ్చాడు. ఎర్ర తలపాగా, చేత కర్ర. నలభై ఏళ్ళు అంగళ్ళలో ఎడ్ల బేరాలు చేసిన మనిషి. ఎద్దు పండ్లు చూసి వయసు, నడక చూసి కాపువాడి గుణం చెప్పేవాడు. వచ్చి కూర్చొని, ఎక్కడ కోస్తున్నారు, ఎందుకు కోస్తున్నారు అని కొడుకును అడిగాడు. సంజీవ్ నీలా వంక చూశాడు.

"మీరే జెప్పిండ్రు మామా," అంది నీలా. రెండు రోజులుగా నమిలి నమిలి పెట్టుకున్న మాట. "హారికకు రెండేండ్లప్పుడు తెల్లెద్దునొకదాన్ని వాకిట్ల నుంచే తిప్పి పంపిండ్రు. ఈపు మీద ఎన్నుసుడి ఉంది, ఇల్లు ముంచుతది అన్నరు. గా పొద్దే పిల్లకు నీళ్ళు పోస్తుంటే ఈపు మీద సుడి కనవడ్డది. ఎవలికి జెప్పాలె? ఇల్లు ముంచే పిల్లని ఎవలన్నా అంటే? అంగళ్ళ మోసగాళ్ళు సుడి గీకి అమ్ముతరని గూడ మీరే అంటుండె. నేను గీకిన."

మంగ్త్యా కనుబొమలు ముడిచాడు. "ఏ తెల్లెద్దు?"

"ఏ తెల్లెద్దంటే?" నీలా లేచి నిలబడింది. "పన్నెండేండ్ల సంది దాని పేరు మీద చస్తున్న నేను. మీకు యాది గూడ లేదా?"

ముసలాయన కర్ర పిడి రుద్దాడు. "చింతలపాలెం కాపాయనది. ఆఁ. బేరం దిగుతలేడు బిడ్డా. మంచి ఎద్దు, యాడ వంక పెట్టాల్నో తెల్వలే. సుడి పేరు జెప్తే దిగుతడని అన్న. మూడు దినాలకు దిగిండు."

"దిగితే?"

"కొన్న. మనింట్ల ఉన్న తెల్లెద్దు గదే గద. ఆరేండ్లు దున్నింది. నువ్వే గడ్డేసినవ్."

నీలాకు నవ్వొచ్చింది. వరండా అంతా వినపడేలా నవ్వింది. నర్సు తలుపు తీసి ఉష్ అంది. ఆ ఎద్దు గంగడోలు తను ఎన్నిసార్లు నిమిరిందో. అది చచ్చిన రోజు ముద్ద ముట్టలేదు. దాని వీపు మీద ఏముందో ఒక్కనాడూ చూడలేదు. తన పిల్ల వీపు మాత్రం చూస్తూనే ఉంది, గీకుతూనే ఉంది.

"నన్ను అడగొద్దా బిడ్డా?" అన్నాడు మంగ్త్యా. "ఎద్దుకు జెప్పిన మాట పిల్లకు పెట్టుకుంటరా ఎవలన్నా?"

"మీరు మాత్రం ఎద్దుకు లేంది ఉన్నదని జెప్తరా?"

ముసలాయన తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఒంటిగంట దాటాక డాక్టరు బయటికొచ్చాడు. మొహం మీద మాస్కు దారాలు అచ్చుపడి ఉన్నాయి. పరీక్షకు పంపే చిన్న సీసా చేతిలో ఉంది. అడుగున మైనంలాంటి పచ్చటి ముద్ద, దాని చుట్టూ నీళ్ళలో తేలుతూ సన్నటి నల్లని పోగులు.

"చానా వరకు తీసినం. పొర ఒక పక్క వెన్నుపాముకు అతుక్కొని ఉంది. గుంజితే కాళ్ళు పోతయి. గంత మేర వదిలేసినం. ఏడాదికోసారి స్కానింగ్ చూసుకోవాలె."

నీలా సీసా వంకే చూస్తోంది. "అవేంది సార్, నల్లగ?"

"వెంట్రుకలమ్మా. చర్మం కదా, లోపల గూడ మొలుస్తయి."

ఆమె వేలు సీసా మీద పెట్టబోయి ఆగింది. పైన గీసిన కొద్దీ లోపల అవి పెరుగుతూనే ఉన్నాయి, చీకట్లో, ఎవరి బ్లేడుకూ అందకుండా.

"కుట్ల పక్కన మళ్ళ మొలిస్తే గీకకు," అన్నాడు డాక్టరు.

*

ఆదివారం హారిక కుడికాలు అసలే కదల్లేదు. ఆపరేషను వాపు తగ్గేదాకా అలాగే ఉంటుందని నర్సు చెప్పింది. నీలా నమ్మలేదు. పిన్నీసు తెచ్చి గంటకోసారి పాదాల మీద గుచ్చి, "తెలుస్తుందా? ఇప్పుడు?" అని అడగడం మొదలుపెట్టింది. సోమవారానికి హారిక దుప్పటి నిండా కప్పుకొని, "నన్ను సంపుతుంది ఈమె. బయటికి పంపుండ్రి," అని నర్సుకు ఫిర్యాదు చేసింది. మంగళవారం ఫిజియోథెరపీ అమ్మాయి వనిత వచ్చి పిన్నీసు లాక్కొని జేబులో వేసుకుంది.

"అక్కా, పొద్దున్నే కుడి బొటనవేలు ఆడించింది మీ పాప. మీరు గుచ్చే పనిలో ఉండి చూడలేదు."

బుధవారం మూత్రం గొట్టం తీశారు. హారిక గోడ పట్టుకొని, వనిత భుజం పట్టుకొని, పోయి వచ్చింది. తనకే తెలిసి పోయి వచ్చింది. నీలా వరండాలోకి పోయి ఎవరికీ కనపడకుండా ఏడ్చి వచ్చింది. వచ్చాక, అంతసేపేం చేసినవని పిల్లనే గద్దించింది.

గురువారం సంజీవ్ మిల్లు నుంచి వస్తూ ఒక కవరు తెచ్చాడు. అందులో కొత్త చెప్పులు. మడమ వెనక బెల్టున్నవి.

"గివెందుకు తెచ్చినవ్?" నీలా గొంతు లేచింది. "కోదాడ డాక్టరు జెప్పినట్టు జారకుండనా? నీకింతన్న..."

"జారితే పడ్తది గద అని తెచ్చిన. నాకేం తెలుసు."

"నాకవొద్దు," అంది హారిక. "చిన్నపిల్లల తీరున్నయి. నా పాతవియ్యి."

నీలా మంచం కిందినుంచి పాత చెప్పులు తీసి వరసగా పెట్టింది. వనిత ఒక పక్క, నడిచే ఫ్రేము ముందు. హారిక లేచి నిలబడింది. వీపు మీద కట్టు బిగదీసుకొని పళ్ళు కరిచింది. కుడికాలు వేసింది. ఎడమకాలు ఈడ్చింది. మళ్ళీ కుడి. సంజీవ్ వెనక రెండు చేతులూ చాపి, కోడిపిల్లను పట్టేవాడిలా నడుస్తున్నాడు. నీలా ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ, కన్నార్పకుండా పిల్ల మొహమే చూస్తోంది. పడిపోతుంది. ఇప్పుడు పడిపోతుంది. కుట్లు తెగుతాయి. మళ్ళీ లోపలికి తీసుకుపోతారు.

కిటికీ దాకా వచ్చాక హారిక ఆగింది.

"ఏమైంది? కళ్ళు తిరుగుతున్నయా? కూసుంటవా? సంజీవ్, పట్టుకో..."

"అబ్బా, చెప్పు జారింది యాడీ. ఇయ్యి."

నీలా అలవాటుగా వంగింది. ఎడమ చెప్పు రెండడుగుల వెనక బోర్లా పడి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుంది. అప్పుడు తలెత్తి చూసింది. హారిక చూపు కిటికీ బయట, రోడ్డు మీద పోయే బస్సుల మీద ఉంది. ఫ్రేము పట్టుకున్నప్పటి నుంచి అది ఒక్కసారీ తల వంచలేదు.

"జారిందని నీకెవలు జెప్పిండ్రే?"

"ఎవలు జెప్పాలె?" హారిక విసుగ్గా పాదం ముందుకు చాపింది. "నా కాలు గాదా!"